వేప్‌కు మారాక కూడా తెల్లకణాలు ఎక్కువే ఉన్నాయి. వీటికీ గుండె నాళాలకూ సంబంధం ఏమిటి?

కొత్తపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. సొంత ఊరు గుంటూరు, ఇప్పుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. ఇంజినీరింగ్ రెండో ఏట హాస్టల్ మేడ మీద మొదలైన సిగరెట్ అలవాటు, ఉద్యోగం వచ్చేనాటికి రోజుకు ఒక పెట్టె దాకా వెళ్లింది. ఇక్కడికి వచ్చాక మా క్లినిక్‌లోని నర్సు సలహాతో వేప్‌కు, అంటే నికోటిన్ ద్రవాన్ని ఆవిరిగా పీల్చే ఇ-సిగరెట్‌కు మారాను. మొదట్లో వాడి పారేసే రకం వాడేవాడిని. 2025 జూన్ నుంచి వాటి అమ్మకాన్ని ఇక్కడ నిషేధించారు కాబట్టి ఇప్పుడు ద్రవం నింపుకునే రకం వాడుతున్నాను. పుదీనా రుచి, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్. ఇక్కడి చట్టం ఒప్పుకునే గరిష్ఠ మోతాదు అదే.

మా నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆ భయంతో నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. చక్కెర బాగానే ఉంది. చెడ్డ కొలెస్ట్రాల్ 3.4, అంటే మన లెక్కలో 131 దగ్గర. తెల్ల రక్తకణాలు మాత్రం 11.8 వచ్చాయి, హద్దు 11. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ 4. "పొగతాగుతారా?" అని ఫోనులో అడిగారు. వేప్ అన్నాను. ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దామని చెప్పి పెట్టేశారు.

దీని గురించి చదవడం మొదలుపెడితే, గుండె నాళాలు పూడుకుపోవడంలో రోగనిరోధక కణాలదే పెద్ద పాత్ర అని, సిగరెట్టూ వేపూ రెండూ ఆ కణాలను మారుస్తాయని కనిపించింది. నాకు తెలిసినంతవరకు నాళాలు పూడేది కొలెస్ట్రాల్ పేరుకుని. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన కణాలకు గుండె దగ్గర ఏం పని? వేప్‌లో పొగే లేదు కదా, మరి ఆ కణాలను ఏం చేస్తుంది? నేను సిగరెట్ మానేసినట్టే. శనివారం స్నేహితులు కలిసినప్పుడు రెండో మూడో కాలుస్తాను, అంతే. అది లెక్కలోకి రాదనుకుంటాను.

అమరావతి రోడ్డు:

బ్రదర్, వేప్ సిగరెట్ కంటే ఘోరం. అమెరికాలో వేప్ పీల్చి 68 మంది చనిపోయారు. మన దేశం 2019లో ఊరికే నిషేధించలేదు. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ, లేదా రెండూ. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, వాడి క్లాసులో పెన్‌డ్రైవ్‌లాంటిది చేతులు మారుతోందట. ఏం కలుపుతారో ఎవరికీ తెలియని రసాయనం కంటే తెలిసిన సిగరెట్టే నయం. మానలేకపోతే రోజుకు రెండు సిగరెట్లతో సరిపెట్టుకోండి.

గాజుపలక:

అమరావతి రోడ్డు గారి జవాబుతో మొదలుపెడతాను. దాన్ని అలాగే వదిలేస్తే ఇది చదివి ఎవరో ఒకరు నిజంగానే మళ్లీ పెట్టె కొంటారు. 2019లో అమెరికాలో వచ్చిన ఆ ఊపిరితిత్తుల జబ్బులో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. అంకె సరైనదే. అయితే వారిలో ఎక్కువమంది గంజాయి సారం కలిపిన దొంగ సరుకు పీల్చినవారు. చిక్కదనం కోసం అందులో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ మీదే గట్టి ఆధారాలు దొరికాయి. కుర్రాడు గారు (34 ఏళ్లకు ఆ పేరు ఇంకా చెల్లుతుందనే అనుకుందాం) దుకాణంలో కొనే నికోటిన్ ద్రవం సంగతి వేరు. దాని దోషాలు దానికున్నాయి, వస్తాను.

ముందు నా సంగతి. కోస్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో పాథాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగమంతా గాజుపలకల మీద కణాలు చూడటంతోనే గడిచింది. గుండె డాక్టర్ని కాను, మందుల పేర్లు అడగకండి.

ఇప్పుడు మీ ప్రశ్న. లీష్‌మన్ రంగు వేసిన రక్తపు పూతను సూక్ష్మదర్శిని కింద పెట్టండి. లేత గులాబీ రంగులో ఎర్రకణాలు పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా, ఎర్రకణానికి రెండింతలకు పైగా వెడల్పున్న కణం తగులుతుంది. బూడిద కలిసిన నీలం రంగు ఒళ్లు, అందులో చిన్నచిన్న బుడగలు, మధ్యలో మూత్రపిండం ఆకారంలో వంగిన కేంద్రకం. అదే మోనోసైట్. తెల్లకణాల్లో వందకు పట్టుమని పది కూడా ఉండవు. ఎముక మజ్జలో పుట్టి ఒకటి రెండు రోజులు రక్తంలో తిరిగి, ఎక్కడ అవసరమైతే అక్కడ నాళపు గోడ దాటి కణజాలంలోకి వెళ్తుంది. లోపలికి వెళ్లాక దాని పేరు మాక్రోఫేజ్. చెత్త మింగడం దాని వృత్తి.

ధమని లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతూ నాళాన్ని సడలిస్తుంది, తెల్లకణాలను అంటుకోనివ్వదు. అది దెబ్బతింటే దాని మీద అంటుడు ప్రొటీన్లు మొలుస్తాయి. దారిన పోయే మోనోసైట్ వాటికి తగులుకుని, దొర్లి, ఆగి, గోడలోకి దూరుతుంది. అక్కడ అప్పటికే చేరి ఆక్సీకరణం చెందిన చెడ్డ కొలెస్ట్రాల్ రేణువులు ఉంటాయి. మాక్రోఫేజ్ వాటిని చెత్తగా భావించి మింగుతుంది.

కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. మామూలు కణం కొలెస్ట్రాల్‌ను తీసుకునే గ్రాహకానికి ఒక అదుపు ఉంది: సరిపడా అందగానే గ్రాహకాల సంఖ్య తగ్గిపోతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన గోల్డ్‌స్టీన్, బ్రౌన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాక్రోఫేజ్‌లు చెడిపోయిన కొలెస్ట్రాల్‌ను మరో రకం గ్రాహకంతో లాక్కుంటాయని 1979లో చూపించినదీ వాళ్లే. ఈ రెండో రకానికి అదుపు లేదు. చాలు చాలని ఆకు మీద చేయి అడ్డుపెట్టినా వడ్డిస్తూనే పోయే పెళ్లి పంక్తి అది. కణం కొవ్వుతో ఉబ్బిపోయి ఫోమ్ సెల్ అవుతుంది. మా ల్యాబులో ధమని ముక్కను మైనంలో పెట్టి కోయడానికి ముందు జైలీన్‌లో ముంచుతాము. కొవ్వంతా అందులో కరిగిపోతుంది. అందుకే పలక మీద ఫోమ్ సెల్ ఒళ్లంతా తెల్లటి చిల్లులతో నురగలా కనిపిస్తుంది. కరగకుండా చూడాలంటే ముక్కను గడ్డకట్టించి కోసి ఆయిల్ రెడ్ ఓ రంగు వేయాలి. అప్పుడు అదే కణం నిండా కుంకుమ పోసినట్టు ఎర్రగా ఉంటుంది. విద్యార్థులకు రెండు పలకలూ పక్కపక్కన చూపిస్తే తప్ప నమ్మేవారు కాదు.

ఈ కణాలు గుంపుగా చేరితే బృహద్ధమని లోపలి గోడ మీద పసుపు చారలుగా కంటికే కనిపిస్తాయి. అవి ముసలితనంలో వస్తాయనుకోకండి. ప్రమాదాల్లో, హత్యల్లో, ఆత్మహత్యల్లో చనిపోయిన 15 నుంచి 34 ఏళ్లవారి ధమనులను అమెరికాలో పీడే అనే అధ్యయనంలో పరీక్షించారు. చనిపోయినవారిని అలవాట్లు అడగలేరు కాబట్టి పొగ వల్ల రక్తంలో పెరిగే థయోసయనేట్ కొలిచి పొగతాగేవారు ఎవరో తేల్చారు. వారి పొత్తికడుపు భాగంలోని బృహద్ధమనిలో చారలూ ఉబ్బులూ ఎక్కువగా ఉన్నాయి. చారలన్నీ గుండెపోటుకు దారితీయవు, అది వేరే సంగతి.

అంటే కొలెస్ట్రాల్ పాత్ర లేదని కాదు. సరుకు అదే. దాన్ని మోసుకొచ్చి గోడలో కుప్పపోసి, ఆ తర్వాత కుప్ప మీది కప్పును కొరికి పగలగొట్టేది ఈ కణాలు. మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు కప్పులోని కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. కప్పు చిరిగితే రక్తం గడ్డకడుతుంది. గుండెపోటు వచ్చేది ఆ క్షణంలో. దీనికి మనుషుల్లో గట్టి రుజువు 2017లో కాంటోస్ పరీక్షలో దొరికింది. అంతకుముందు గుండెపోటు వచ్చిన సుమారు 10 వేల మందిని తీసుకున్నారు. కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా వాపు ప్రక్రియను మాత్రమే తగ్గించే సూదిమందు ఇస్తే, 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. ఆ మందు గుండె రోగులకు వాడుకలోకి రాలేదు.

ఇక సిగరెట్. పొగలోని ఆక్సీకారకాలు రక్తంలోకి దిగి నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తాయి, కొలెస్ట్రాల్ రేణువులను చెడగొడతాయి, లోపలి పొరను జిగురుగా మారుస్తాయి. ఊపిరితిత్తుల్లో చిరాకు పుట్టించి మజ్జ చేత మరిన్ని తెల్లకణాలు తయారు చేయిస్తాయి. పొగతాగేవారి తెల్లకణాల సంఖ్య ఎక్కువగా ఉండటం దశాబ్దాల నాటి పరిశీలన. ప్లేట్‌లెట్లు కూడా తొందరగా ముద్దకడతాయి. పొగతాగేవారి కఫంలో మాక్రోఫేజ్‌లు చూస్తే మీరే గుర్తుపడతారు. మింగిన మసి అరగక గోధుమరంగు రేణువులతో నిండి ఉంటాయి. రంగు వేయకముందే రంగు.

వేప్‌లో మండటం లేదు. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, తారు దాదాపు లేనట్టే. ఇది చిన్న లాభం కాదు. కానీ ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటివి పుడతాయి. తీగచుట్ట నుంచి నికెల్, క్రోమియం అతి కొద్దిగా వస్తాయి. అతి సూక్ష్మ బిందువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హాలీ మిడిల్‌కాఫ్ బృందం ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల రక్తం తీసి, వారి రోగనిరోధక కణాల లోపల ఆక్సీకరణ ఒత్తిడి ఎంత ఉందో కొలిచింది. 2020లో వచ్చిన ఫలితం: ఏదీ తాగనివారిలో తక్కువ, సిగరెట్ తాగేవారిలో ఎక్కువ, వేప్ వాడేవారు ఆ రెండింటికీ మధ్య. చిన్న అధ్యయనమే. కానీ వేప్ గురించి నాకున్న అభిప్రాయాన్ని ఒక్క ముక్కలో అడిగితే అదే చెబుతాను: మధ్యలో.

మీ శనివారం సంగతి మిగిలింది. అది లెక్కలోకి వస్తుంది. బాగా వస్తుంది. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, రోజుకు 20 తాగేవారికి గుండెజబ్బు విషయంలో ఉండే అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లా ఎంత తాగితే అంత అన్న లెక్క గుండెకు వర్తించదు. మొదటి కొద్దిపాటి పొగకే లోపలి పొరా ప్లేట్‌లెట్లూ బాగా స్పందిస్తాయి. మీవి వారానికి రెండో మూడో కాబట్టి ఆ సగం మీకు అచ్చంగా సరిపోదు. అయినా "మానేసినట్టే" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. అమరావతి రోడ్డు గారు చెప్పిన "రోజుకు రెండు" సలహాకైతే ఈ లెక్కే సరాసరి జవాబు.

11.8ని చూసి బెంబేలు పడకండి. జలుబు, పంటి చీము, స్టెరాయిడ్ మాత్రలు, ఊబకాయం, ఆఖరికి పరీక్షకు ముందు మెట్లెక్కి పరుగెత్తుకెళ్లడం కూడా ఆ సంఖ్యను పెంచగలవు. సీఆర్‌పీ కూడా అంతే. రెండోసారి చేయమన్నవారు తెలిసే చెప్పారు.

పొగరాయుడు:

మేడమ్ గారికి నమస్కారం. డల్లాస్‌లో ఉంటాను. సిగరెట్ మానింది వేప్ పుణ్యాన, కాబట్టి నా పక్షపాతం ముందే చెప్పుకుంటున్నాను. మీరు నిషేధవాదుల్లా అరవకుండా రాసినందుకు సంతోషం. అయినా రెండు అభ్యంతరాలు. ఒకటి, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థే వేప్ హాని 95 శాతం తక్కువ అని 2015లో చెప్పింది. మీరు "మధ్యలో" అంటే చదివేవారికి సరిగ్గా సగం అని తోస్తుంది. రెండు, నికోటిన్ నిజానికి వాపు ప్రక్రియను తగ్గిస్తుంది. మాక్రోఫేజ్‌ల మీద ఆల్ఫా7 అనే గ్రాహకం ఉందని, నికోటిన్ దాన్ని తాకితే అవి వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను వదలడం తగ్గిస్తాయని కెవిన్ ట్రేసీ బృందం ఎప్పుడో చూపించింది. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు జబ్బు పొగతాగేవారిలో తక్కువ. అలాంటప్పుడు నికోటిన్ వేప్ ధమనులను ఎలా పాడుచేస్తుంది?

గాజుపలక:

పొగరాయుడు గారూ, ఇలాంటి అభ్యంతరాలు విద్యార్థుల నుంచి వచ్చి ఉంటే నా ఉద్యోగం ఇంకాస్త సరదాగా గడిచేది.

"మధ్యలో" అంటే సగం అని నా ఉద్దేశం కాదు. వేప్ ఆ రెండు కొసల మధ్య ఎక్కడుందో, ఏ కొసకు దగ్గరో ఇప్పటికి ఎవరూ కొలవలేరు. మీ 95 కూడా కొలత కాదు. 2014లో కొంతమంది నిపుణులు కూర్చుని ఒక్కో హానికి మార్కులు వేసి తేల్చిన అంచనా అది. అందులో క్యాన్సర్‌తో సహా అన్ని హానులూ కలిసి ఉన్నాయి. గుండె లెక్క విడిగా చూడాలి, ఎందుకంటే పొగ తగ్గినంతగా గుండె ముప్పు తగ్గదని పైన సిగరెట్ విషయంలోనే చూశాం. లండన్ కింగ్స్ కాలేజీ వారు 2022లో చేసిన సమీక్ష కూడా స్వల్ప, మధ్యకాలంలో వేప్ ముప్పు సిగరెట్ ముప్పులో చిన్న భాగమేనని చెబుతూ, ముప్పే లేదనుకోవద్దని, ముఖ్యంగా ఎన్నడూ పొగతాగనివారు మొదలుపెట్టవద్దని అంది.

నికోటిన్ గురించి మీరు చెప్పింది సగం ఒప్పుకుంటాను. ఆల్ఫా7 సంగతి నిజం, కొలైటిస్ సంగతీ నిజం. (అదే పేగు జబ్బుల కుటుంబంలోని క్రోన్స్ మాత్రం పొగతో ముదురుతుంది.) ఇంకో సాక్ష్యం నేనే ఇస్తాను: గుండెజబ్బు ఉన్నవారికి నికోటిన్ పట్టీలు వేసి చూసిన పరీక్ష 1996లో అచ్చయింది. పట్టీల వల్ల గుండె సంఘటనలు పెరగలేదు. కాబట్టి ధమనుల కేసులో నికోటిన్‌ను మొదటి ముద్దాయిగా నేనూ నిలబెట్టను. గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచడం, మనిషిని కట్టిపడేయడం దాని మీది అభియోగాలు.

అయితే మీ వాదన వేప్‌ను కాపాడదు. దోషం నికోటిన్‌ది కాకపోతే మిగతా ఆవిరిది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎన్నడూ పొగతాగని 31 మంది యువకులకు, యువతులకు నికోటిన్ లేని వేప్‌ను ఒక్క విడత ఇచ్చారు. తొడకు బీపీ చూసే పట్టీలాంటిది బిగించి, వదిలాక నాళం ఎంత విచ్చుకుంటుందో ఎంఆర్‌ఐలో చూశారు. వేప్ తర్వాత ఆ విచ్చుకోవడం 34 శాతం తగ్గింది. అది తాత్కాలికమే, కానీ నికోటిన్ లేకుండానే వచ్చింది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో జోసెఫ్ వూ బృందం మూలకణాల నుంచి పెంచిన ఎండోథీలియం కణాల మీద రకరకాల రుచుల ద్రవాలు పోసి చూసింది. అన్నింటికంటే ఎక్కువ చంపింది దాల్చినచెక్క రుచి. మెంథాల్ రకం కూడా మంచి పేరు తెచ్చుకోలేదు. పుదీనా వాడే కుర్రాడు గారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవవచ్చు. గాజుగిన్నెలోని కణం మనిషి కాదు, అది నాకూ తెలుసు.

మీ పక్షాన ఒక సాక్ష్యం మిగిలింది, దాచను. స్కాట్లాండులోని డండీలో 114 మంది పాతకాపు పొగరాయుళ్ల మీద చేసిన పరీక్ష కూడా 2019లోనే వచ్చింది. సిగరెట్ నుంచి వేప్‌కు మారినవారి నాళాల స్పందన నెల తిరగకుండానే మెరుగైంది. దాన్నీ పెన్సిల్వేనియా ఫలితాన్నీ పక్కన పెట్టి చూడండి. సిగరెట్ పైనుంచి దిగినవారికి వేప్ కిందికి మెట్టు, ఎన్నడూ తాగక కింద నిలబడినవారికి పైకి మెట్టు. అమరావతి రోడ్డు గారి మేనల్లుడు కింద ఉన్నాడు. మీరు పైనుంచి దిగారు.

వేప్‌తో గుండెపోట్లు ఎన్ని పెరుగుతాయో చెప్పే దీర్ఘకాలపు లెక్కలకు సమయం సరిపోలేదు. హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు ఇప్పటి పరికరాన్ని తయారుచేసింది 2003 ప్రాంతంలో. పూడికకు కావలసింది దశాబ్దాలు. పైగా వేప్ వాడే పెద్దవాళ్లలో చాలామంది ఒకప్పుడు సిగరెట్ తాగినవారే. ఏ మచ్చ దేనిదో విడదీయడం కష్టం.

నల్లరేగడి:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి అమ్మా. మా అన్నయ్య బీడీలు మానేసి ఖైనీ పెట్టుకుంటున్నాడు. పొగ లేదు కదా, ఊపిరితిత్తులకు పోదు కదా అంటాడు. మీరు చెప్పిన కణాలకు ఇదీ తగులుతుందా?

గాజుపలక:

తగులుతుంది నాయనా. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగాకు నమిలేవారికి మొదటి గుండెపోటు ముప్పు ఏమీ వాడనివారికి 2.23 రెట్లుగా తేలింది. బీడీది 2.89. నములుతూ తాగుతూ ఉంటే నాలుగు రెట్లు దాటింది. నోటి క్యాన్సర్ సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. సిగరెట్ పెట్టెల మీద అచ్చు వేసే 1800-11-2356 నంబరు ఖైనీ మానాలనుకునేవారికీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. అన్నయ్యతో మీరు పక్కన కూర్చుని చేయించండి, తనంతట తాను చేయడు.

కొత్తపేట కుర్రాడు:

మేడమ్, చాలా కృతజ్ఞతలు. నా భార్య కూడా చదివింది, శనివారం పేరా మాత్రం నాకు మళ్లీ పైకి చదివి వినిపించింది. రెండు సందేహాలు. ఇప్పుడు వేప్ కూడా మానేస్తే ఆ కణాలు పూర్తిగా మామూలు అవుతాయా? నా కణాలు ఫోమ్ సెల్స్‌గా మారుతున్నాయో లేదో చెప్పే పరీక్ష ఏదైనా ఉందా?

గాజుపలక:

మీ భార్యకు నా నమస్కారాలు.

రెండో సందేహానికి జవాబు చిన్నది: లేదు. మోనోసైట్లను తీసి గాజుగిన్నెలో పెట్టి ఫోమ్ సెల్స్ అవుతాయేమో చూడటం పరిశోధనశాల పని. డబ్బు కట్టించుకుని ఎవరైనా చేస్తామంటే నమ్మకండి.

మొదటిదానికి 2024 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఆసక్తికరమైన జవాబు వచ్చింది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దారా డఫీ, వియొలెన్ సాంతాంద్రె బృందం వెయ్యిమంది ఆరోగ్యవంతుల రక్తాన్ని రకరకాల సూక్ష్మజీవుల భాగాలతో రెచ్చగొట్టి, కణాలు ఏం వదులుతాయో కొలిచింది. పొగతాగేవారిలో రెండు రకాల మార్పులు కనిపించాయి. పుట్టుకతో వచ్చే తక్షణ రక్షణ, అంటే మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్ లాంటివి పాల్గొనే స్పందన, అతిగా ఉంది. మానినవారిలో అది త్వరగానే సర్దుకుంది. ఈ కణాల ఆయుష్షు తక్కువ కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. కానీ జ్ఞాపకం పెట్టుకునే టీ, బీ కణాల స్పందనలో మార్పు మాత్రం మానేసిన 10, 15 ఏళ్ల తర్వాత కూడా మిగిలింది. డీఎన్‌ఏకు అంటుకునే మిథైల్ అనే రసాయన గుర్తుల్లో దాని జాడలు దొరికాయి. అది సిగరెట్ మీద చేసిన పని. వేప్‌కు అలాంటి గుర్తులు ఎంతకాలం ఉంటాయో దీన్నిబట్టి చెప్పకూడదు.

మీకు పనికొచ్చే భాగం మొదటిది. కొత్త మోనోసైట్లు రోజూ పుడుతూనే ఉంటాయి, మీరు వాటికి ఇచ్చే వాతావరణం మారితే చాలు. ఇప్పటికే గోడలో పేరుకున్నది అంత తొందరగా పోదు. అయినా మానిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కప్పు చిరగడం, గడ్డకట్టడం ముందు తగ్గుతాయి కాబట్టి ఆ లాభం త్వరగా వస్తుంది.

వరుస మాత్రం తప్పకండి. ముందు శనివారం సిగరెట్. అది పూర్తిగా పోయాక వేప్. రెండూ ఒకేసారి వదలబోయి మళ్లీ పెట్టె కొన్నవాళ్లను చాలామందిని చూశాను. నికోటిన్ మోతాదు 20 నుంచి మెల్లగా దించుకోండి, కావాలంటే పట్టీ గానీ గమ్ గానీ మీ దగ్గరి పొగమానిపించే కేంద్రంలో అడగండి.

ఇక పరీక్షలు. రెండోసారి రక్తం ఇవ్వడానికి ముందు వచ్చే శనివారాల్లో సిగరెట్ ముట్టుకోకండి, జలుబు చేసి ఉంటే వాయిదా వేయండి. లైపోప్రొటీన్ ఎ (కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం రేణువు) పరీక్ష ఒకసారి చేయించండి. అది ఎక్కువగా పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే సాధారణంగా సరిపోతుంది. నాన్నగారి చరిత్రకు అది అవసరం. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున ఆరేళ్లు ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్‌లోనే తేలింది. మన మధ్యస్థ వయసు 53, మిగతావారిది 59 దగ్గర. మీ నాన్నగారు 52.

అక్కడి ఉచిత ఆరోగ్య తనిఖీకి 40 ఏళ్లు నిండితేగానీ పిలవరు. మీరు ఆగకండి. గుండెజబ్బు ముప్పును అంచనా వేసే క్యూరిస్క్3 లెక్క 25 ఏళ్ల నుంచే వేయవచ్చు, మీ డాక్టర్ని అడగండి. అందులో జాతి, 60 ఏళ్లలోపు తండ్రికి వచ్చిన గుండెజబ్బు, పొగ అలవాటు అన్నీ అడుగుతారు. వేప్‌కు అందులో గడి లేదు. పొగ దగ్గర "మానేసినవారు" అని ఒక గడి, "రోజుకు పదిలోపు" అని ఇంకో గడి ఉంటాయి. ఈ నెలకు మీది రెండోది.